నాన్నకి ఎ-షిఫ్ట్ డ్యూటీ: వృద్ధుల హోమ్‌లో మా ఎనిమిది నెలలు

నాన్నని హోమ్‌లో చేర్చి ఎనిమిది నెలలైంది. చేర్చే ముందు ఎంత వెతికినా నాకు ఫీజులూ ఫోటోలూ దొరికాయి గానీ, చేర్చాక అక్కడి ఆయాలకీ మనకీ మధ్య ఏం జరుగుతుందో ఎక్కడా కనపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. హోమ్ పేరు, మనుషుల పేర్లు రాయను. వాళ్లలో కొందరితో నేను గొడవపడ్డాను. ఇప్పటికీ నాన్న ఉన్నది వాళ్ల చేతుల్లోనే.

నాన్నకి 79 ఏళ్లు. స్టీల్ ప్లాంట్ కోక్ ఓవెన్స్‌లో, అంటే బొగ్గుని కోక్‌గా మార్చే బట్టీల దగ్గర, చేసి 2006లో రిటైరయ్యారు. 2025 జనవరి 5 రాత్రి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా అయిపోయింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. సంక్రాంతి అక్కడే వెళ్లిపోయింది. ఇంటికి తెచ్చాక గానీ తెలియలేదు, మతి కూడా తప్పుతోందని. నన్ను ఒకసారి పేరు పెట్టి పిలుస్తారు, ఇంకోసారి తన తమ్ముడనుకుంటారు.

మొదట ఇంట్లోనే చూసుకుందామనుకున్నాం. ఏజెన్సీ వాళ్లు పన్నెండు గంటల డ్యూటీకి రోజుకి 900 చొప్పున మనిషిని పంపారు. ఆరు వారాల్లో ముగ్గురు మారారు. మూడో అతను మధ్యాహ్నం టీ తాగొస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. ఆ సాయంత్రం మా ఆవిడ ఒక్కతే నాన్నని లేపబోయింది. నడుం పట్టేసి పది రోజులు ఆవిడా మంచం మీదే. హైదరాబాద్ నుంచి చెల్లి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇక హోమ్ చూడు, ఎవరేమన్నా నేను సమాధానం చెప్తాను" అంది. ఎవరూ ఏమీ అనలేదు, అది వేరే సంగతి. అన్నదంతా నాలో నేనే.

ఫిబ్రవరి ఆఖరున విశాఖ చుట్టుపక్కల నాలుగు హోమ్‌లు చూశాం. పెందుర్తి వైపు ఒకటి, ఆరిలోవలో ఒకటి, భీమిలి రోడ్డులో ఒకటి, మధురవాడ దాటాక ఒకటి. నెలకి 22 వేల నుంచి 38 వేల వరకూ చెప్పారు. నాలుగోదాంట్లో చేర్చాం. కారణం, రాత్రి కూడా ఒక సిస్టర్ డ్యూటీలో ఉంటుందన్నారు. మాది గాజువాక. రెండు బస్సులు మారి వెళ్లడానికి గంటన్నర పడుతుంది. ఫీజు 32 వేలు, డిపాజిట్ 50 వేలు. చేరేటప్పుడు చెప్పనివి తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి: డైపర్లు నెలకి నాలుగున్నర వేలు, మందులు నాలుగు వేల లోపు, ఫిజియోథెరపీ ఒక్కసారికి 400. మొత్తం 45 వేలు దాటుతోంది. నాన్నకొచ్చే పి.ఎఫ్. పెన్షన్ మూడు వేలు కూడా ఉండదు. చెల్లీ నేనూ చెరి సగం వేసుకుంటున్నాం.

మార్చి 10, సోమవారం చేర్చాం. ఆధార్, డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీ తీసుకున్నారు. నాలుగు పేజీల ఫారం నింపమన్నారు. అందులో షుగర్ ఉందా, బీపీ ఉందా, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, డబ్బు ఎవరు కడతారు, అన్నీ ఉన్నాయి. ఈయన ఎవరు, ఏం పని చేసేవారు, ఏమంటే కోపం, ఏదంటే ఇష్టం అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. ఆ రోజు నాకూ తట్టలేదు. వారం రోజులు రావద్దన్నారు, అలవాటు పడాలని. ఆ వారం నేను ఆఫీసులో లెక్కలు రెండుసార్లు తప్పు వేశాను.

మార్చి 30 ఉగాది. పచ్చడి డబ్బాలో పట్టుకెళ్లాం. నాన్న చిక్కిపోయి కనిపించారు. "తినట్లేదు సార్, నోరు గట్టిగా మూసేస్తున్నారు" అని చెప్పింది ఆయా. నేను మనసులో, సరిగ్గా పెట్టడం లేదు కాబోలు అనుకున్నాను. చెల్లి అక్కడి కెమెరా తన ఫోన్‌లో చూసేది. "తిన్న తర్వాత అరగంట కుర్చీలోనే వదిలేస్తున్నారు, పడుకోబెట్టడానికి బద్ధకం" అనేది. ఈ రెంటికీ అసలు కారణాలు ఏమిటో మాకు మే నెల దాకా తెలియలేదు. ఈలోపు నేను ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. తేదీ వేసి, టైము వేసి. కోర్టుకి వెళ్లేవాడిలాగ.

ఏప్రిల్ 19, శనివారం. నాన్న ఎడమ చెయ్యి మోచేతి పైన నాలుగు వేళ్ల వెడల్పున నల్లగా కమిలిపోయి ఉంది. ఆ టైముకి అక్కడున్నది రాత్రి డ్యూటీ ఆయా. షిఫ్ట్ అయిపోయి బయల్దేరబోతోంది, చేతిలో బ్యాగు. నేనేమన్నానో రాయడానికి సిగ్గేస్తోంది గానీ రాస్తాను. "డబ్బులు తీసుకుని ముసలాయన్ని కొడతారా?" అన్నాను. పక్క మంచాల వాళ్లు, వాళ్ల కోసం వచ్చినవాళ్లు, అందరూ విన్నారు. ఆవిడ ఒక్క మాట అనలేదు. చీర కొంగు సర్దుకుని, చేతులు దాచుకుని నిలబడింది. తప్పు చేసింది కాబట్టే నోరు పెగల్లేదు అనుకున్నాను.

మేనేజర్ మేడమ్‌ని కలవాలంటే తొమ్మిది రోజులు పట్టింది. ఒకసారి మీటింగ్‌లో ఉన్నారు, ఒకసారి సెలవు. ఈలోపు ఆ ఫోటో మా డాక్టరుగారికి చూపించాను. నాన్న పక్షవాతం తర్వాత ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వేసుకుంటున్నారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు. "ఈ వయసులో చర్మం కాగితంలా ఉంటుంది, పైగా ఈ రెండు బిళ్లలు. కొట్టనక్కర్లేదండీ, కాస్త గట్టిగా పట్టుకున్నా ఇలా కమిలిపోతుంది" అన్నారాయన. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఈ మాట మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వినే స్థితిలో ఉన్నానో లేదో కూడా తెలియదు. సరే, కానీ అంత గట్టిగా ఎందుకు పట్టుకోవాల్సొచ్చింది? ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఏప్రిల్ 28న మేడమ్ ఫైలు తెరిచి, "అలాంటిదేమీ జరగలేదు సార్" అన్నారు. ఫైల్లో నిజంగానే ఏమీ లేదు. మనిషి చెయ్యి నల్లగా ఉంది, ఫైలు తెల్లగా ఉంది. నాకు ఒళ్లు మండి, ఒక రాత్రి నాన్న పక్కన ఉండనివ్వమని అడిగాను. కుదరదన్నారు. డిశ్చార్జి చేయించుకుంటానన్నాను. అప్పుడు ఒప్పుకున్నారు, వీడియో తియ్యనని కాగితం మీద సంతకం పెట్టించుకుని.

మే 3, శనివారం రాత్రి ఎనిమిదికి వెళ్లాను. నిజం చెప్పాలంటే పట్టుకుందామనే వెళ్లాను.

ఎనిమిదికి డ్యూటీ మారతారు. పగటి వాళ్లకి బస్సు తొందర. ఒక నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసి, నోటితో నాలుగు ముక్కలు చెప్పి, పది నిమిషాల్లో వెళ్లిపోయారు. ఆ అంతస్తులో పదకొండు మంది. వాళ్లకి రాత్రంతా ఆవిడ ఒక్కతే ఆయా, ఒక అటెండరు కుర్రాడు. సిస్టర్ ఉంది, నిజమే. రెండు అంతస్తులకీ కలిపి. పదకొండు మందిలో అయిదుగురు తమంతట తాము పక్కకి తిరగలేరు. వాళ్లని రెండేసి గంటలకోసారి పక్క తిప్పాలి, లేకపోతే వీపుకీ పిరుదులకీ పుండ్లు పడతాయి. తిప్పడం, డైపర్ మార్చడం, తుడిచి పౌడర్ వెయ్యడం. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ముప్పావు గంట. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని లెక్కపెట్టాను. వృత్తి అలవాటు. ఒకటిన్నరకి ఆ చివరి గదిలో ఒక మామ్మగారు "అమ్మా, అమ్మా" అని మొదలుపెట్టారు. ఈవిడ వెళ్లి ఆవిడ తల నిమురుతూ అలాగే నిలబడింది. ఇవతల ఇంకొకరు బెల్లు. రెండు గంటలకి ఫ్లాస్కులోంచి టీ పోసుకుంది. కూర్చోలేదు, గోడకి ఆనుకుని తాగింది. నాకూ ఒక కప్పు ఇచ్చింది. పదిహేను రోజుల కిందట అందరి ముందూ ఆ మాట అన్న నాకు. అది తీసుకోవడం ఎంత కష్టమైందో.

నాలుగూ పదికి నాన్న లేచి కూర్చున్నారు. "టైమైంది" అన్నారు. మంచం కమ్మీ మీంచి ఎడమ కాలు బయటికి వేసేస్తున్నారు. కుర్రాడు పరిగెత్తుకొచ్చి "పడుకో తాతా, ఇంకా తెల్లారలేదు" అన్నాడు. నాన్న ఇంకా రెచ్చిపోయారు. ఆయా వచ్చి, పడిపోకుండా ఎడమ చెయ్యి మోచేతి పైన గట్టిగా పట్టుకుంది. సరిగ్గా అక్కడే, ఆ నాలుగు వేళ్ల వెడల్పునే. నాన్న తల వంచి ఆవిడ చేతిని కొరకబోయారు.

వాళ్లకి అర్థం కానిది నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. నా చిన్నతనమంతా ఈ టైముకే మా ఇంట్లో లైటు వెలిగేది. ఎ-షిఫ్ట్, అంటే పొద్దుటి డ్యూటీ, ఆరింటికి. అమ్మ నాలుగింటికే లేచి క్యారేజీ కట్టేది, నాన్న అయిదుంపావు బస్సుకి వెళ్లిపోయేవారు. నేను ముందుకెళ్లి, "నాన్నా, ఇవాళ మీకు వీక్లీ ఆఫ్" అన్నాను.

నా మొహంలోకి చూశారు. "ఆఫా?"

"ఆఫే. చార్టులో చూశాను."

కాలు లోపలికి తీసుకుని పడుకున్నారు. రెండు నిమిషాల్లో గురక.

ఆవిడ నా వైపు తిరిగింది. మెచ్చుకుంటుందనుకున్నాను. "రెండు నెల్లబట్టి రోజూ ఇదే టైముకి ఇదే గొడవ బాబూ. ఈ ముక్క మాకు ముందే సెప్పొచ్చు కదా?" అంది. గొంతులో కోపం ఉంది. ఉండాల్సిందే.

తెల్లవారాక ఆవిడ సింకు దగ్గర చేతులు కడుక్కుంటుంటే జాకెట్టు చెయ్యి కింద పళ్ల గాట్లు కనిపించాయి. పాతవి, కొత్తవి. ఏమిటమ్మా అవి అంటే, "ఏటీ నేదు బాబూ, తలుపు తగిలింది" అంది. తలుపుకి పళ్లుండవు. తర్వాత కుర్రాడు చెప్పాడు, నాన్న వచ్చిన వారం నుంచీ కొరుకుతున్నారని, స్నానం టైములో ఇంకా ఎక్కువని. మరి ఎందుకు చెప్పలేదంటే, చెప్తే మీరు తీసుకెళ్లిపోతారు, మనుషుల్ని నిలబెట్టుకోలేకపోయారని మేడమ్ మమ్మల్నంటారు అన్నాడు. ఆ రోజు ఆవిడ చేతులెందుకు దాచుకుందో అప్పుడు తెలిసింది.

ఆవిడది పార్వతీపురం వైపు పల్లెటూరు. జీతం పదమూడు వేలు. పదిహేను రోజులకోసారి ఇంటికి వెళ్తుంది. ఇంట్లో వాళ్ల అత్తగారు కూడా మంచం మీదే ఉన్నారు. ఆవిణ్ణి పదో తరగతి చదివే మనవరాలు పక్క తిప్పుతుందట. ఇది కూడా ఆవిడ చెప్పలేదు, నేను అడిగితే వచ్చింది. బస్టాపు దాకా కలిసి నడుస్తూ క్షమించమన్నాను. "ఒగ్గీండి బాబూ, కన్నకొడుకు కాబట్టి కోపమొచ్చింది" అంది. అంత తేలిగ్గా వదిలేసినందుకు నాకు ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో మా ఆవిడా నేనూ కూర్చుని, చెల్లిని ఫోన్‌లో పెట్టుకుని నాన్న గురించి ఒక కాగితం రాశాం. ఒక్క పేజీ దాటకూడదనుకున్నాం. 'తాతా' అంటే ఆయనకి నచ్చదు, ప్లాంట్‌లో లాగా 'ఫోర్‌మన్‌గారూ' అనండి. తెల్లవారుజామున లేస్తే వీక్లీ ఆఫ్ అని చెప్పండి. భుజం మీద చిన్న తువ్వాలు ఉండాలి, తీసేయకండి, బట్టీల వేడిలో పనిచేసిన మనిషి, అది లేకపోతే ఆయనకి ఒంటి మీద బట్ట లేనట్టే. చెయ్యి కడుక్కోనిదే ముద్ద ముట్టరు. ఇది మా ఆవిడకి గుర్తొచ్చింది. బొగ్గు చేతులు కదా, సబ్బుతో మోచేతుల దాకా తోముకుని గానీ కంచం ముందు కూర్చునేవారు కాదు. నోరు మూసేసుకోవడం వెనక ఉన్నది అదీ. అన్నం ముందు ఒక గిన్నెలో నీళ్లు పెట్టి ఎడమ చెయ్యి సబ్బుతో కడిగిస్తే చాలు, తింటారు. ఇంకొకటి చెల్లి చెప్పింది, కాస్త ఆగి: అమ్మ తప్ప ఆడవాళ్ల ముందు నాన్న చొక్కా విప్పగా తను చూడలేదని. రెండు నెలలుగా ఆయనకి స్నానం చేయిస్తున్నది ఆయాలు.

ఆ కాగితం మంచం దగ్గర అంటించడానికి పన్నెండు రోజులు పట్టింది. "మీకిస్తే అందరూ అడుగుతారు సార్" అన్నారు మేడమ్. అడిగితే అడగనీయండి అన్నాను. లామినేషన్ నా ఖర్చే, 60 రూపాయలు. మే 16న అంటించారు. వారం తిరిగేసరికి దాని కింద వేరే చేతిరాతలు చేరాయి. "పెరుగన్నం చివర్లో పెట్టాలి, ముందు పెడితే ఇంక తినరు." "కుడి వైపు నుంచి వస్తే ఉలిక్కిపడతారు, ఎడమ వైపు నుంచి రావాలి." ఇవి మాకు తెలియనివి. చెల్లి అడిగిన కుర్చీ సంగతి కూడా సిస్టర్ రాసిపెట్టింది: పక్షవాతంలో చాలామందికి మింగడం సరిగ్గా ఉండదు, తిన్న వెంటనే పడుకోబెడితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందుకే అరగంట కూర్చోబెట్టడం. చెల్లి ఆ ఫోటో చూసి చాలాసేపు మాట్లాడలేదు. కెమెరా చూడడం మానేసిందా అంటే లేదు. కాకపోతే ఇప్పుడు చూసి నాకు కాదు, వాళ్లకి ఫోన్ చేసి అడుగుతోంది.

అంతా సర్దుకుపోయిందనుకోకండి. స్నానం ఇప్పుడు కుర్రాడు చేయిస్తున్నాడు, గొడవలు తగ్గాయి, పోలేదు. అతను సెలవు పెట్టిన రోజు మళ్లీ మొదటికే వస్తుంది. ఆగస్టులో ఇంకోసారి కమిలింది, ఈసారి వాళ్లే ముందు ఫోన్ చేసి చెప్పారు. నేనూ ఒక తప్పు చేశాను. జూన్‌లో ఆ ఆయా చేతిలో 500 పెట్టాను. మిగతా ఆయాలు ఆవిడతో నాలుగు రోజులు మాట్లాడలేదట, నాన్న డైపర్ కూడా "నువ్వే మార్చుకో" అన్నారట. ఇది ముఖ్యంగా చెప్తున్నాను: ఒక్కరికి ఇవ్వకండి. తర్వాత దసరాకి అందరం కలిసి డబ్బాలో వేసి, వంట మనిషితో సహా సమానంగా పంచాం.

జూన్ 8, ఆదివారం కుటుంబాలూ స్టాఫూ కలిసి కూర్చోవడం మొదలైంది. ఇరవై ముగ్గురు పెద్దవాళ్లుంటే తొమ్మిది కుటుంబాలు వచ్చాయి. మొదటిది అట్టర్ ఫ్లాప్. మేడమ్ ముప్పావు గంట మాట్లాడారు. ఒకాయన అమెరికా నుంచి వీడియో కాల్‌లో వచ్చి టీ చల్లగా ఉంటోందన్నాడు. ఆయాలు గోడ వెంట నిలబడే ఉన్నారు, కుర్చీలు మాకే వేశారు. జూలైలో మేం ముందే అడిగి రెండు పనులు చేయించాం: అందరికీ కుర్చీలు, మొదటి అరగంట మేడమ్ బయట. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక పగటి ఆయా అంది, "మీరొస్తారు, దుప్పటి ఎత్తి చూస్తారు, గోళ్లు చూస్తారు, ఎల్లిపోతారు. మాతోటి ఒక్క ముక్క మాట్లాడరు." నా ఫోన్‌లో తేదీలు వేసిన ఫోటోలు నలభైకి పైగా ఉన్నాయి అప్పటికి. ఇంటికెళ్లే బస్సులో చెరిపేశాను. చెయ్యి కమిలిన రెండు మాత్రం ఉంచాను, అవి డాక్టరుకి కావాలి.

అదే మీటింగ్‌లో రాత్రికి మూడో మనిషి కావాలన్న మాట తేలింది. నా కోపం మొదట్నుంచీ తప్పు మనిషి మీద పెట్టాను. పదకొండు మందికి ఇద్దరు అన్న లెక్క వేసింది ఆ ఆయా కాదు. యాజమాన్యం, మనిషిని పెడతాం గానీ తలకి 800 పెరుగుతుందంది. అక్కడ మా కుటుంబాల్లోనే రభస. "మేం కట్టే 32 వేలల్లో అది లేదా?" అన్నవాళ్లున్నారు, ఆ మాట న్యాయమే. మూడు వారాల వాదనల తర్వాత సగం మా మీద, సగం వాళ్ల మీద, అంటే మాకు 400 అని కుదిరింది. ఆగస్టు 1 నుంచి ఒక్కో అంతస్తుకీ రాత్రి ముగ్గురు ఉంటున్నారు.

అక్టోబర్ 28, మంగళవారం, మొంథా తుఫాను. ముందు రోజు నుంచే వాన, ఈదురుగాలి. నేను వెళ్లే దారే లేదు. పగటి డ్యూటీ వాళ్లు రాలేకపోయారు, సోమవారం రాత్రి ఎక్కిన ఆవిడ దిగలేదు. మంగళవారం పగలంతా చేసి, ఆ రాత్రీ తనే. కరెంటు పోయింది, పుండ్లు పడకుండా వేసిన నాన్న ఎయిర్ బెడ్, కరెంటుతో గాలి నిండే పరుపు, గాలి దిగిపోతుందేమో అని నేనిక్కడ టెన్షన్ పడుతుంటే తెల్లవారుజామున నాలుగున్నరకి ఆవిడే ఫోన్ చేసింది.

"బాబూ, జనరేటర్ ఏసినారు, బెడ్డు బాగానే ఉంది. ఫోర్‌మన్‌గోరు లేచి డ్యూటీకెల్తానన్నారు. తుపాను, ప్లాంటు బస్సు రాదు, ఇయాల సెలవిచ్చీసినారు అని సెప్పినాను."

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు గానీ, నువ్వు ఇంటికెల్లలేదేటి అనడిగినారు. రెండు రాత్రులూ నేనే అన్నాను. 'మరి ఓటీ రాశారా?' అంటన్నారు." ఆవిడ నవ్వుతోంది. వెనకాల నాన్న గొంతు, ముద్దగా, మళ్లీ అదే అడుగుతోంది.

30వ తేదీ దారులు తెరుచుకోగానే వెళ్లి మేడమ్‌ని అడిగాను, ఓవర్‌టైమ్ ఇచ్చారా అని. "చూస్తాం సార్" అన్నారు. ఇవాళ నవంబర్ 9, మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ ఉంది. మొదట మాట్లాడేవాళ్ల పట్టీలో నాన్న పేరు రాయించాను.